27 పికోఆంపియర్ల లీక్‌లో 1.3 కోసం: ధమని కణంలో కాల్షియం ఛానెల్ కొలత డైరీ

ప్యాచ్ క్లాంప్ రిగ్ (సన్నటి గాజు పిపెట్‌ను ఒక్క కణానికి ఆనించి దాని కరెంటు కొలిచే సరంజామా) చేతిలో ఉండి, రక్తనాళాల నునుపు కండర కణాల్లో ఎల్-టైప్ కాల్షియం ఛానెల్‌ను (వోల్టేజితో తెరుచుకుని కాల్షియాన్ని కణంలోకి రానిచ్చే ద్వారాన్ని) కొలవాలనుకునేవాళ్ల కోసం ఈ డైరీ. పెద్ద కరెంటు గురించి ఇందులో ఎక్కువగా ఉండదు. కణాన్ని −80 మిల్లీవోల్టుల దగ్గర ఉంచి ఒక్కసారిగా +10కి తీసుకెళ్తే తెర మీద గీత లోతుగా కిందికి దిగుతుంది, అది ఎవరికైనా వస్తుంది. కానీ ధమని గోడలో ఉన్న కణం అలా దూకదు. రక్తపోటు మోస్తున్న చిన్న ధమనిలో అది −40 మిల్లీవోల్టుల చుట్టుపక్కలే గంటల తరబడి ఉంటుంది. అక్కడ ఛానెళ్లలో నూటికి ఒకటి కూడా తెరిచి ఉండదు. నాళం బిగువు చాలావరకు ఆ కాస్త కరెంటు మీదే నడుస్తుంది. 2003లో చిట్టెలుకల నునుపు కండరంలో మాత్రమే ఈ ఛానెల్‌ను తయారుచేసే సీఏవీ 1.2 జన్యువును పనిచేయకుండా చేస్తే రక్తపోటు గట్టిగా పడిపోయింది. కాబట్టి ఏ ఛానెల్‌ను వెతకాలన్నది తేలిన విషయమే. దాన్ని నిలకడ వోల్టేజి దగ్గర పట్టుకోవడం ఎలాగన్నదే ఇక్కడి గొడవంతా.

దశ 0: కాగితం మీద లెక్క

రిగ్ ఆన్ చేసే ముందు ఈ లెక్క వేసుకోండి. ఎంత చిన్నదాన్ని వెతుకుతున్నామో తెలియకపోతే తర్వాత వచ్చే జాగ్రత్తలన్నీ చాదస్తంలా కనిపిస్తాయి.

1. నమూనా కణం: కెపాసిటెన్స్ 15 పికోఫారడ్లు. బయట కాల్షియం బదులు 10 మిల్లీమోలార్ బేరియం ఉన్నప్పుడు (ఎందుకో దశ 2లో) +10 దగ్గర గరిష్ఠ కరెంటు 90 పికోఆంపియర్లు.
2. తెరుచుకునే వక్రరేఖ: సగం ఛానెళ్లు తెరుచుకునేది −8 మిల్లీవోల్టుల దగ్గర, వాలు 7.
3. మూసుకుపోయే వక్రరేఖ, అంటే ఇనాక్టివేషన్: సగం ఛానెళ్లు మూసుకుపోయేది −35 దగ్గర, వాలు 8.
4. కరెంటు దిశ మారే చోటు సుమారు +60. దీన్నిబట్టి గరిష్ఠ కండక్టెన్స్ 1.94 నానోసీమెన్స్.
5. −40 దగ్గర తెరుచుకోగలిగినవి 1 శాతం, వాటిలో మూసుకుపోకుండా మిగిలేవి 65 శాతం. రెండూ గుణిస్తే 0.67 శాతం. కరెంటు 1.3 పికోఆంపియర్లు.
6. ఇదే లెక్కలో −30 దగ్గర 2.5, −20 దగ్గర 3.2.

ఈ రెండు వక్రరేఖలూ ఒకదాని మీద ఒకటి పడే సన్నటి జాగానే విండో అంటారు. మొదట్లో వచ్చిన సీళ్లు (పిపెట్ కొనకూ కణానికీ మధ్య పడే బిగువైన అతుకులు) 1.5 గిగాఓమ్‌ల దగ్గర ఆగాయి. ఆ సీల్ గుండా −40 దగ్గర కారే లీక్ 27 పికోఆంపియర్లు. ఆ లీక్ 5 శాతం అటూఇటూ కదిలిందంటే చాలు, మనకు కావలసిన మొత్తం అందులోనే మునిగిపోతుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడమే ఇది, కాకపోతే ఇక్కడ కావలసింది ఎలుకే.

ఇంత చిన్నదాని కోసం ఇంత శ్రమ ఎందుకంటారా? 1 పికోఆంపియర్ కాల్షియం కరెంటు అంటే సెకనుకు 31 లక్షల అయాన్లు. కణం ఘనపరిమాణం ఒక పికోలీటరు అనుకుంటే, సెకనుకు 5 మైక్రోమోలార్ చొప్పున కాల్షియం లోపలికి వస్తోందన్నమాట. విశ్రాంతిలో కణంలో స్వేచ్ఛగా ఉండే కాల్షియం 0.1 మైక్రోమోలార్ ప్రాంతం. వచ్చినదాంట్లో ఎక్కువ భాగాన్ని ప్రోటీన్లు పట్టేస్తాయి, మిగిలినదాన్ని పంపులు తోడేస్తాయి. అయినా పికోఆంపియర్‌లో పదో వంతు కూడా కణానికి చిన్న విషయం కాదు.

లెక్క, దశ 0: సీల్ 1.5 గిగాఓమ్, లీక్ 27, వెతుకుతున్నది 1.3.

దశ 1: కణాలు విడదీయడం

నాళం ఎలుక మెసెంటెరిక్ ధమని మూడో కొమ్మ. జంతు ప్రయోగాల నైతిక కమిటీ అనుమతి కాగితం లేకుండా ఈ దశలోకి రాకూడదు.

1. మంచు మీద పెట్టిన సెలైన్‌లో కొవ్వు, చుట్టూ ఉన్న పొర, పక్కనే అంటుకుని ఉండే సిర పూర్తిగా తీసేయండి. సిర మిగిలితే రెండు రకాల కణాలు కలిసిపోతాయి.
2. ముక్కల్ని కాల్షియం లేని సొల్యూషన్‌లో గది వేడి దగ్గర పది నిమిషాలు ఉంచండి.
3. పపెయిన్ (ప్రోటీన్లను కోసే ఎంజైమ్), డీటీటీ (దాన్ని చురుగ్గా ఉంచే రసాయనం), బీఎస్ఏ (ఆవు రక్తంలోని అల్బుమిన్ ప్రోటీన్) ఒక్కొక్కటి మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున, 37 డిగ్రీల దగ్గర.
4. తర్వాత కొలాజినేజ్. దీనికి 0.1 మిల్లీమోలార్ కాల్షియం కలపాలి, అది లేకుండా ఈ ఎంజైమ్ సరిగా పనిచేయదు.
5. ఎంజైమ్‌ను మంచులా చల్లటి సొల్యూషన్‌తో మూడుసార్లు కడిగి, మూతిని మంటలో నునుపు చేసిన గాజు పిపెట్‌తో మెల్లగా పైకీ కిందికీ లాగండి.

ఎక్కువగా చెడింది నాలుగో అంచెలోనే. కొలాజినేజ్ కొత్త సీసా తెరిస్తే పాత టైమింగ్ పనికిరాదు. లాట్‌కీ లాట్‌కీ బలం మారుతుంది. కొత్త సీసాతో అదే సమయం ఉంచితే కణాలన్నీ గుండ్రటి ముద్దలై, ఒంటినిండా బుడగలతో వచ్చాయి. అందుకే ఇప్పుడు గడియారాన్ని నమ్మడం లేదు. ప్రతి నిమిషానికీ ముక్కను మైక్రోస్కోప్ కింద పెట్టి అంచు చూస్తున్నాను. గట్టిగా తీగలా ఉన్న అంచు మసకబారి, సన్నటి పోగులు బయటికి పొడుచుకొచ్చినట్టు కనపడగానే ఆపేయాలి. ఇంకో నిమిషం చూద్దాం అనుకున్నారంటే అయిపోయినట్టే.

మంచి కణం పొడవుగా, కదురులా రెండు కొనలూ సన్నగా ఉంటుంది, అంచు చుట్టూ మెరుపు ఉంటుంది. కాల్షియాన్ని ఒకేసారి మామూలు స్థాయికి పెంచితే ఇవే కణాలు కళ్ల ముందే ముడుచుకుపోతాయి. 0.1 నుంచి మొదలుపెట్టి మెట్టుమెట్టుగా పెంచండి. మంచు మీద ఉంచితే ఆరు గంటల దాకా వాడుకోవచ్చు. ఆ తర్వాత సీల్ వచ్చినా కరెంటు నమ్మకంగా ఉండదు.

దశ 2: సొల్యూషన్లు

కాల్షియం బదులు బేరియం ఎందుకంటే: ఈ ఛానెల్ గుండా బేరియం ఎక్కువగా ప్రవహిస్తుంది, కాల్షియం వల్ల ఛానెల్ మూసుకుపోయే చర్యను చాలావరకు తప్పిస్తుంది, పైగా పొటాషియం ఛానెళ్లను కొంత ఆపుతుంది.

తొలి బ్యాచ్ మామూలు ఫిజియలాజికల్ సెలైన్ రెసిపీ మీద కట్టింది. అందులో మెగ్నీషియం సల్ఫేట్, ఫాస్ఫేట్ ఉంటాయి. బేరియం క్లోరైడ్ పోసిన చోటల్లా తెల్లటి మేఘం లేచి, నిమిషంలో బీకరు మొత్తం పాలలా మారింది. అది బేరియం సల్ఫేట్, ఎంత కలిపినా కరగదు. బైకార్బనేట్ ఉన్నా ఇదే కథ. కనుక సల్ఫేట్, ఫాస్ఫేట్, బైకార్బనేట్ మూడూ తీసేసి ఇలా మార్చాను. అంకెలన్నీ మిల్లీమోలార్‌లో.

1. బయట: సోడియం క్లోరైడ్ 120, బేరియం క్లోరైడ్ 10, సీజియం క్లోరైడ్ 5, మెగ్నీషియం క్లోరైడ్ 1, గ్లూకోజ్ 10, హెపెస్ (పీహెచ్‌ను నిలబెట్టేది) 10. పీహెచ్ 7.4.
2. పిపెట్‌లో: సీజియం క్లోరైడ్ 110, టీఈఏ క్లోరైడ్ 10, ఈజీటీఏ (కాల్షియాన్ని పట్టుకునేది) 10, హెపెస్ 10, మెగ్నీషియం ఏటీపీ 5, జీటీపీ 0.1. సీజియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 7.2.
3. ఏటీపీ కలిపాక పీహెచ్ పడిపోతుంది. కలిపిన తర్వాతే చివరి పీహెచ్ సరిచేయాలి.
4. రెండింటినీ 0.2 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టాలి.

సీజియం, టీఈఏ ఉన్నవి పొటాషియం కరెంటును ఆపడానికే. అవి సరిపోకపోతే +20 పైన గీత పైకి తిరుగుతుంది, గుర్తుపట్టడం తేలిక.

దశ 3: సీల్

ఈ డైరీలో అసలు దశ ఇదే. 1.5 గిగాఓమ్ దగ్గర ఆగిపోయే సీళ్లతో పెద్ద కరెంటు కొలవొచ్చు, విండో కొలవలేం. ఏది మార్చితే ఎంత తేడా వచ్చిందో ఒక్కొక్కటే మార్చి చూశాను.

పిపెట్ గాజు మార్చడం వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. కొనను మంటతో నునుపు చేయడం కొంచెం పనిచేసింది. పిపెట్ లాగిన కొద్ది గంటల్లోనే వాడేయడం, బాత్‌లోకి (కణాలుండే సొల్యూషన్ తొట్టిలోకి) దింపే ముందే లోపలి నుంచి కాస్త గాలి ఒత్తిడి పెట్టడం, ఈ రెండూ అందరూ చెప్పేవే, వదలకూడనివే. పెద్ద తేడా మాత్రం ఎవరూ గట్టిగా చెప్పని చోట దొరికింది: బీఎస్ఏ. కణాల్ని నిలవ ఉంచే సొల్యూషన్‌లో అది ఉంటుంది. చుక్క కణాలతోపాటు అదీ బాత్‌లోకి వస్తుంది, పిపెట్ కొనకు పూతలా పట్టేస్తుంది. కణాలు అడుగుకు అంటుకున్నాక కనీసం ఐదు నిమిషాలు శుభ్రమైన సొల్యూషన్ పారించడం మొదలుపెట్టాక సీల్ 8 గిగాఓమ్ దాటింది.

ఇప్పుడు పాటిస్తున్న వరస:

1. పిపెట్ నిరోధం 3 నుంచి 5 మెగాఓమ్‌లు.
2. సీల్ చేసేటప్పుడు బయట 1.8 మిల్లీమోలార్ కాల్షియం ఉన్న సొల్యూషన్. బేరియం తర్వాత.
3. కణం మధ్యభాగంలో, కొనల దగ్గర కాదు, మెల్లగా ఆనించి ఒత్తిడి వదిలేయాలి. చాలాసార్లు నోటితో లాగే పని లేకుండానే సీల్ పడుతుంది.
4. 8 గిగాఓమ్ కంటే తక్కువైతే ఆ కణాన్ని వదిలేసి ఇంకోదానికి వెళ్లాలి. మనసొప్పదు, కానీ తప్పదు.

లెక్క, దశ 3: సీల్ 12 గిగాఓమ్, −40 దగ్గర లీక్ 3.3, వెతుకుతున్నది 1.3.

దశ 4: −40 నిజంగా −40 యేనా

తెరుచుకునే వక్రరేఖ అడుగు భాగంలో ప్రతి 7 మిల్లీవోల్టులకూ తెరిచిన ఛానెళ్లు 2.7 రెట్లు మారతాయి. 2 మిల్లీవోల్టుల తప్పు అంటే కరెంటులో 33 శాతం తప్పు. +10 దగ్గర కొలిచేవాళ్లు ఈ 2 మిల్లీవోల్టుల్ని పట్టించుకోకపోయినా నడుస్తుంది. ఇక్కడ నడవదు.

మొదట పిపెట్‌లో సీజియం ఆస్పార్టేట్ ఉండేది. దాని లిక్విడ్ జంక్షన్ పొటెన్షియల్ (రెండు వేర్వేరు సొల్యూషన్లు కలిసే చోట పుట్టే వోల్టేజి) లెక్క కడితే 12 మిల్లీవోల్టులు దాటింది. అంటే యాంప్లిఫయర్ మీద −40 అని ఉన్నప్పుడు కణం −52 దగ్గర ఉంది, తెరిచిన ఛానెళ్లు అయిదో వంతుకు పడిపోయాయి. కరెంటు కనపడలేదంటే ఆశ్చర్యం ఏముంది? క్లోరైడ్‌కు మారాక ఆ తేడా 5కి దిగింది. ఈ 5ని ప్రోటోకాల్‌లోనే సరిచేసి పెట్టాను. ఈ డైరీలో ఉన్న వోల్టేజిలన్నీ సరిచేసినవే.

రెండోది గ్రౌండ్, అంటే సున్నా వోల్టేజికి ఆధారమైన తీగ. బాత్‌లో నేరుగా ముంచిన వెండి తీగ, సొల్యూషన్ మార్చినప్పుడల్లా ఒకటి రెండు మిల్లీవోల్టులు జరుగుతోంది. 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ నింపిన అగార్ బ్రిడ్జి పెట్టాక ఆగింది. తీగ మీద క్లోరైడ్ పూత బూడిద రంగులో సమంగా ఉండాలి. వెండి మెరుపు కనపడుతోందంటే మళ్లీ పూత వేయాల్సిందే.

దశ 5: రన్‌డౌన్

హోల్ సెల్‌లోకి (పిపెట్ కొన కింది త్వచాన్ని చీల్చి కణం లోపలికి) వెళ్లాక మొదటి రెండు నిమిషాలు కరెంటు పెరుగుతుంది, ఆ తర్వాత మెల్లగా తరిగిపోతుంది. కణంలోని సరుకు పిపెట్‌లోకి కొట్టుకుపోవడమే కారణం. తాజా ఏటీపీ, మంచు మీద ఉంచిన పిపెట్ సొల్యూషన్ కొంత ఆదుకున్నాయి. పూర్తిగా ఆపలేదు. విండో కొలతకు ఇరవై నిమిషాలు నిలకడ కావాలి, ఇక్కడ పది నిమిషాలకే అసలుకు ఎసరు వచ్చేది.

అందుకని పని రెండుగా విడగొట్టాను.

1. తెరుచుకునే వక్రరేఖ, గరిష్ఠ కరెంటు: మామూలు హోల్ సెల్, మొదటి ఐదు నిమిషాల్లో ముగించాలి.
2. విండో కరెంటు: ఆంఫోటెరిసిన్‌తో పెర్ఫొరేటెడ్ ప్యాచ్ (త్వచాన్ని చీల్చకుండా ఈ మందుతో దానికి సన్నటి రంధ్రాలు మాత్రమే పెట్టే పద్ధతి). పిపెట్ కొన వరకు మాత్రం ఆంఫోటెరిసిన్ లేని సొల్యూషన్ నింపాలి, లేదంటే సీల్ పడదు. డీఎంఎస్ఓ అనే ద్రావణిలో కలిపిన స్టాక్‌ను రెండు మూడు గంటలకు మించి వాడకూడదు.

పెర్ఫొరేటెడ్‌లో సిరీస్ రెసిస్టెన్స్ (పిపెట్‌కూ కణం లోపలికీ మధ్య నిరోధం) 30 మెగాఓమ్‌ల దాకా ఉంటుంది. 90 పికోఆంపియర్ల కరెంటుకు దాని వల్ల వచ్చే తప్పు 2.7 మిల్లీవోల్టులు, అది ఒప్పుకోలేనిది. 1.3కి మాత్రం 0.04 మిల్లీవోల్టులు, లెక్కలోకి రాదు. అందుకే ఈ పంపకం కుదిరింది.

దశ 6: నిఫెడిపిన్ పేచీలు

లీక్‌లోంచి ఛానెల్ కరెంటును వేరుచేయాలంటే ఛానెల్‌ను మందుతో ఆపి, ముందూ వెనకా తీసివేయడం ఒక్కటే దారి. ఎల్-టైప్ ఛానెల్‌ను ఆపే నిఫెడిపిన్ అనే మందు 1 మైక్రోమోలార్‌తో మొదలైంది.

పొద్దున దాదాపు పూర్తిగా ఆపిన మందు, అదే సీసాలోంచి, మధ్యాహ్నానికి సగమే ఆపింది. నిఫెడిపిన్‌కు వెలుతురు పడదు, కిటికీ వెలుగుతో పాటు మైక్రోస్కోప్ దీపం కూడా దాన్ని చెడగొడుతుంది. సిరంజికీ గొట్టానికీ రేకు చుట్టి, దీపానికి ఎర్ర ఫిల్టర్ పెట్టాక పొద్దుటికీ సాయంత్రానికీ తేడా పోయింది. ఇంకో చిక్కు, ఈ మందు ప్లాస్టిక్ గొట్టాలకు అంటుకుంటుంది. కడిగినా పూర్తిగా వదలదు, కణం నుంచీ సరిగా దిగదు. కాబట్టి ఒక కవర్‌స్లిప్‌కు ఒక కణమే, నిఫెడిపిన్ ఆఖర్నే.

ముందుగా వాడేది కాల్షియం ఛానెళ్లను ఆపే కాడ్మియం, 100 మైక్రోమోలార్. అది నిమిషంలోపే దిగిపోతుంది. దీంతో ఒక సౌకర్యం దొరికింది: కాడ్మియం ముందు కొలత, కాడ్మియంతో కొలత, కడిగాక మళ్లీ కొలత. మొదటిదానికీ మూడోదానికీ సగటు తీసి మధ్యదాన్ని తీసేస్తే, లీక్ ఒకే వేగంతో మెల్లగా జరుగుతున్నా ఆ జరుగుడు లెక్కలోంచి పోతుంది. చివర్లో నిఫెడిపిన్ ఇచ్చి రెండు జవాబులూ పోల్చాలి. కాడ్మియం ఆపినదాంట్లో నిఫెడిపిన్ ఆపనిది మిగిలితే అక్కడ టి-టైప్ అనే ఇంకో రకం కాల్షియం ఛానెల్ ఉందేమో చూడాలి. చిన్న ధమనుల్లో అది మామూలే.

దశ 7: ప్రోటోకాల్

పి/4 లీక్ సబ్‌ట్రాక్షన్ (నాలుగో వంతు మెట్లు నాలుగు వేసి లీక్‌ను అంచనా కట్టి తీసేసే పద్ధతి) ఆపేశాను. అది నాయిస్‌ను 2.2 రెట్లు పెంచుతుంది, పది సెకన్ల మెట్లకు అసలు కుదరదు. పైగా సీల్ కదులుతున్న సంగతిని దాచేస్తుంది. నాకు ఆ సంగతి కనపడాలి.

1. −80 దగ్గర 10 సెకన్లు.
2. −40, −30, −20 దగ్గర ఒక్కోచోట 10 సెకన్లు. చివరి 5 సెకన్ల సగటు మాత్రమే తీసుకోవాలి.
3. మళ్లీ −80.
4. కాడ్మియంతో, కడిగాక, నిఫెడిపిన్‌తో ఇదే వరస.

5 సెకన్ల సగటు తీశాక నాయిస్ సమస్యే కాదు. మిగిలే శత్రువు డ్రిఫ్ట్, అంటే గీత మెల్లగా జరిగిపోవడం. దాన్ని పట్టే తేలికైన పరీక్ష −80 దగ్గరే ఉంది: అక్కడ ఛానెళ్లు మూసి ఉంటాయి కాబట్టి కాడ్మియం తేడా సున్నా రావాలి. 0.3 పికోఆంపియర్ కంటే ఎక్కువ వస్తే అది సీల్ కదలడమే, ఆ కణం రికార్డును పక్కన పెట్టేయాలి. గీత ఎంత అందంగా ఉన్నా సరే. బాత్‌లో నీటిమట్టం పెరిగినా తగ్గినా కూడా డ్రిఫ్ట్ వస్తుంది, సక్షన్ గొట్టాన్ని స్క్రూతో బిగించి పెట్టండి.

లెక్క, దశ 7: సీల్ 12 గిగాఓమ్, లీక్ 3.3, అనిశ్చితి 0.3, వెతుకుతున్నది 1.3.

దశ 8: వచ్చిన అంకెలు

15 పికోఫారడ్ల కణానికి సరిదిద్దిన నిలకడ కరెంటు: −40 దగ్గర 1.1, −30 దగ్గర 1.9, −20 దగ్గర 2.1 పికోఆంపియర్లు. కాగితం మీద వేసుకున్నవి 1.3, 2.5, 3.2. మూడూ తక్కువే, −20 దగ్గర మరీ తక్కువ.

తేడా ఇనాక్టివేషన్ వక్రరేఖలో ఉంది. దాన్ని 2 సెకన్ల ముందస్తు మెట్టుతో కొలిచాం. కణం మాత్రం 10 సెకన్లు అక్కడే కూర్చుంటోంది. ముందస్తు మెట్టును 10 సెకన్లకు పెంచి మళ్లీ కొలిస్తే సగం స్థానం −35 నుంచి −39కి జరిగింది. ఆ అంకెతో లెక్క మళ్లీ కడితే 1.05, 1.8, 2.0. అనిశ్చితి లోపలే సరిపోయాయి. ఎవరి కాగితంలోనైనా విండో కరెంటు లెక్క చూస్తే ముందు ఇనాక్టివేషన్ ఎన్ని సెకన్ల మెట్టుతో కొలిచారో వెతకండి. అర సెకను మెట్టుతో గీసిన విండో చాలా ఉదారమైన విండో.

బే కే 8644తో కూడా ఒకసారి చూశాను. ఇది నిఫెడిపిన్ కుటుంబపు మందే అయినా ఛానెల్‌ను తెరుస్తుంది. విండో పెరిగి ఎడమకు జరిగింది, నిఫెడిపిన్ ఇవ్వగానే అణిగింది. అంటే కొలిచింది సీల్‌ను కాదు, ఛానెల్‌నే.

ఇంకొక దిద్దుబాటు మిగిలింది. బయట 10 మిల్లీమోలార్ బేరియం ఉంటే, త్వచం పైనున్న రుణావేశాన్ని అది ఎక్కువగా కప్పేసి వక్రరేఖల్ని కుడికి నెడుతుంది. బేరియంను 2 మిల్లీమోలార్‌కు తగ్గిస్తే తెరుచుకునే సగం స్థానం సుమారు 8 మిల్లీవోల్టులు ఎడమకు వచ్చింది, కరెంటు మాత్రం బాగా చిన్నదైంది. కాబట్టి పై అంకెల్లోని −40ని ధమనిలోని −40 అని చదవకూడదు. ధమనిలో అదే పరిస్థితి ఇంకా లోతైన వోల్టేజి దగ్గరే వస్తుంది. 2 మిల్లీమోలార్ కాల్షియంతో నేరుగా కొలవాలంటే 0.3 అనిశ్చితి సరిపోదు, 0.05కి దించాలి.

దానికోసం మార్చబోయేవి:

1. సీల్ కనీస హద్దు 8 నుంచి 20 గిగాఓమ్‌కు.
2. కాడ్మియం ముందూ వెనకా జతను ఒక్కో కణంలో ఒకసారి కాకుండా నాలుగుసార్లు.
3. సొల్యూషన్ పంపు తీసేసి, ఎత్తున పెట్టిన సిరంజిల నుంచి ధార. పంపు కొట్టుకునే ప్రతిసారీ −80 దగ్గర గీత 0.1 పికోఆంపియర్ ఊగుతోంది, కొత్త హద్దుకు అది రెట్టింపు.